మదర్ సీరియస్

కొండలరావన్నయ్య చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కథంతా అయ్యాక చెబితే ఎవరూ నమ్మరు. తాగేవాడు కాదు, పెళ్ళాం మీద చెయ్యెత్తేవాడు కాదు, కాలనీలో ఎవరింట్లో చావు జరిగినా పాడె కట్టడానికి అందరికంటే ముందు నిలబడేవాడు. రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్ షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో వాళ్ళ క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి ఇటుపక్క నేను కాపురం చేశాను కాబట్టి ఆయన దగ్గు కూడా నాకు తెలుసు. నా నోరు, ఈ పార్వతమ్మ నోరు, మంచిది కాదని కాలనీ అంతా అంటుంది. మంచి నోళ్ళున్న వాళ్ళెవరూ ఈ కథ చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను.

ఆయనకి షాపులో ఒక పేరుండేది, సీరియస్ కొండలరావని. మొహం చూసి పెట్టిన పేరు కాదు. ఆయనది బొబ్బిలి దగ్గర పల్లె. చైనా యుద్ధమప్పుడు ఊళ్ళ మీద పడి కుర్రాళ్ళని పట్టాళంలోకి తీసుకుంటుంటే ఈయనా వెళ్ళాడు. శిక్షణ మొదలైన కొన్నాళ్ళకే ఇంటికి కబురుపెట్టాడట, నన్ను ఇక్కణ్ణుంచి తప్పించకపోతే చచ్చిపోతానని. వాళ్ళమ్మ ఎవరి కాళ్ళో పట్టుకుని టెలిగ్రాం కొట్టించింది, మదర్ సీరియస్, వెంటనే బయల్దేరమని. ఆ సీరియస్ మనిషి ఆ రోజు మోకాళ్ళ లోతు బురదలో నాట్లు వేస్తోంది. సెలవు మీద వచ్చిన కొడుకు మళ్ళీ వెనక్కి పోలేదు. ఇంకా శిక్షణ పూర్తికాని కచ్చా సిపాయే కాబట్టి పేరు కొట్టేసి వదిలేశారు. తర్వాత రైల్వేలో కలాసీగా చేరి, రాయ్‌పూర్‌లో వ్యాగన్లు బాగుచేసే షాపు పెట్టినప్పుడు ఇటు వచ్చాడు.

అబద్ధపు టెలిగ్రాం మా వాళ్ళకి కొత్తేం కాదు. షాపులో సెలవు కావాలంటే ఊళ్ళో తల్లికి సీరియస్ కావలసిందే. కొందరి తల్లులు ఏడాదికి రెండుసార్లు చావుబతుకుల్లో పడేవారు. ఒకరిద్దరైతే పోయాక కూడా సీరియస్ అయ్యారు. ఫోర్మన్ అన్నీ తెలిసే నవ్వి సంతకం పెట్టేవాడు. అందరూ చేసే పనే, కానీ పేరు మాత్రం కొండలరావుకే అంటుకుంది. "మేము పది రోజుల ఛుట్టీకి అమ్మని చంపుతాం, నువ్వు ఫౌజు నుంచే ఛుట్టీ పుచ్చుకున్నావు కదా గురూ" అని టీ తాగేచోట వేళాకోళం చేసేవాళ్ళు. ఆయన వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేవాడు.

ఒక్కడే కొడుకు, అమ్మిరాజు. వాడికి లాగు కట్టుకోవడం వచ్చినప్పటినుంచీ తెల్లారకుండా లేపి భన్‌పురి రోడ్డు మీద పరిగెత్తించేవాడు. తను సైకిలు మీద వెనకే వెళ్ళేవాడు. వాడి జుట్టు వేలికి చిక్కేంత పెరగనిచ్చేవాడు కాదు. "సిపాయివి కావడానికి కాదురా, ఆపీసరువి కావాలి" అనేవాడు. వాడు నెమ్మదస్తుడు. మేకపిల్లని తోలినట్టు తోలితే తోలినవైపే పోయాడు. బీయస్సీ అయ్యాక ఆ పరీక్షేదో రాశాడు, ఇంటర్వ్యూలో నెగ్గాడు. ఎనభైమూడు జులైలో అకాడమీకి బయల్దేరుతుంటే కొండలరావు స్టేషనుకి బ్యాండు మేళం పెట్టించాడు. ఎవరైనా కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు కూడా అంత హడావుడి చేయరు. ఆ రోజు నుంచి షాపులో సీరియస్ అన్న పేరు వినపడలేదు. కెప్టెన్ బాప్, కెప్టెన్‌గారి తండ్రి, అనడం మొదలుపెట్టారు.

అకాడమీ ఎక్కడో ఉత్తరాన, కొండల కింద. డిసెంబరు సెలవులకి వాడొచ్చినప్పుడు నేను పోల్చుకోలేకపోయాను. బుగ్గలు పీక్కుపోయి, మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాడు. కాలి బొటనవేళ్ళకి గోళ్ళు లేవు. తండ్రి వాణ్ణి వెంటబెట్టుకుని షాపంతా తిప్పాడు. వాడు అందరికీ నమస్కారం పెట్టి నవ్వాడు. ఇంటికొచ్చి వంటింట్లో వాళ్ళమ్మ, మా వరహాలమ్మ వదిన, పక్కన పీట మీద కూలబడ్డాడు. ఆ మాటలు ఆ సాయంత్రమే వదిన నాకు చెప్పుకుని ఏడ్చింది.

"అమ్మా, నాను మరి ఎల్లనే."

"అదేట్రా నాయినా, అలాగంటావు?"

"కంకర రాళ్ళ మీద మోచేతుల మీద పాకిత్తారు. అది పడతాను. వ్యాగన్ వ్యాగన్ అని పిలుత్తారు, మా నాన్న పని అడిగి తెలుసుకుని. అదీ పడతాను. నీళ్ళే నా వల్ల కాదు. అంతెత్తు బల్ల మీంచి తోసేత్తారు. నాకు ఈత రాదు కదా. మింగేసిన నీళ్ళు ముక్కులోంచి వత్తంటే గట్టు మీద నిలబడి నవ్వుతారు. ఇంక పోయాననుకున్నాక కర్ర అందిత్తారు. పైకి రాగానే మళ్ళీ బల్లెక్కు అంటారు. రోజూ అదే అమ్మా. పొద్దున్న లెగిస్తే ఆ నీళ్ళే గుర్తొత్తాయి."

"అయితే వచ్చేయరా. మానేస్తానని సెప్పేయ్."

"నాన్నకి ఎవరు సెప్తారు? బ్యాండు పెట్టించాడు." తర్వాత వాడే అన్నాడట. "నువ్వు టెలిగ్రాం కొట్టించు. నీకు సీరియస్ అని. సెలవిత్తారు, వచ్చేత్తాను. ఒకపాలి వచ్చేశాక నాన్న మాత్రం ఏటి సేత్తాడు?"

నాయనమ్మ విద్య మనవడికి ఎవరూ నేర్పక్కర్లేదు. వదిన వాడి తల తన ఒళ్ళో పెట్టుకుని, నువ్వెళ్ళు నాయినా, వారం తిరక్కుండా ఏయిత్తాను అని మాటిచ్చింది. ఆ మాట పట్టుకునే వాడు రైలెక్కాడు. తండ్రి వీపు తట్టి పంపాడు. కొడుకు మొహం వెలిగిపోతోందని అందరికీ చెప్పుకున్నాడు పాపం, ఎందుకు వెలిగిందో తెలియక.

వదిన కడుపులో మాట దాగదు. వాడు వెళ్ళిన రెండో రోజే మొగుడితో చెప్పేసింది. గోడకి ఇటుపక్క నేను బియ్యం ఏరుకుంటున్నాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నా కొడుక్కి కూడా ఆ పేరే పెట్టిత్తావేటే?" అన్నాడు. "రా ఇలాగ. నా తల మీద సెయ్యెయ్యి. టెలిగ్రాం ఏయించనని ఒట్టెయ్యి."

ఆవిడ ఏడుస్తూ వేసింది. తల మీద చెయ్యేసి వేసిన ఒట్టు తప్పితే ఆ తలే పోతుందని మా వాళ్ళ నమ్మకం. పసుపు కుంకాలు పణంగా పెట్టి ఏ ఆడది టెలిగ్రాం ఆఫీసుకి పోతుంది? ఆవిడకి రాయడం రాదు. ఇంట్లోంచి వెళ్ళే ఉత్తరాలన్నీ ఆయనే రాసేవాడు, అమ్మ ఆశీస్సులు, ధైర్యంగా ఉండు అని. కొడుకు చెప్పిన మాట తనకి తెలిసిందని మాత్రం ఎక్కడా రాయలేదు.

జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. వాడు రాలేదు, పారిపోలేదు. "సూసావా, తోస్తే ఈతొత్తాది" అన్నాడు కొండలరావు నాతో. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, ఆ పూట కుందేలు కూడా ఒప్పుకున్నట్టు మాట్లాడాడు. జూన్‌లో పరేడ్ అనీ, తల్లీ తండ్రీ వెళ్ళి కొడుకు భుజాల మీద చెరో ఆఫీసరు చుక్క పెట్టాలనీ కాలనీ అంతా చాటాడు. వదినకి పట్టుచీర కొన్నాడు.

ఏప్రిల్ ఆఖర్న వదిన కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే కదా అని ముందు పసరు పోయించారు. పదిరోజులకి పొట్ట ఉబ్బింది, ఆసుపత్రిలో వేశారు. డాక్టరు కొండలరావుని బయటికి పిలిచి, కావలసినవాళ్ళెవరైనా ఉంటే పిలిపించుకోమన్నాడు. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. మంచం దగ్గరికొచ్చాక వదిన అడిగింది.

"ఆ ఒట్టు దొంగ టెలిగ్రాంకి కదండీ. ఇది నిజమే కదా. ఏయించండి."

"అలాగే. ఇప్పుడే ఎల్తన్నాను" అని చొక్కా తొడుక్కుని వెళ్ళాడు.

వెళ్ళాడు, నిజమే. స్టేషను పక్కన టెలిగ్రాం ఆఫీసులో వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి పక్కకి తప్పుకున్నాడు. బయట బండి దగ్గర టీ తాగాడు. తిరిగొచ్చి, "ఏశాను" అన్నాడు. ఇదంతా తర్వాత ఆయన నోటితో ఆయనే చెప్పాడు. ఆ రోజు నేనూ నమ్మాను. ఎవరు నమ్మరు? పెళ్ళాం చావుబతుకుల్లో ఉంటే ఆ విషయంలో అబద్ధమాడే మొగుడు ఉంటాడని ఎవరనుకుంటారు?

వదిన తలుపువైపు మొహం పెట్టుకుని పడుకుంది. ఎవరి బూట్ల చప్పుడైనా వినపడితే కళ్ళు తెరిచేది. నర్సమ్మ సుశీల, కోస్తా పిల్ల, తనకీ మా భాష రావడంతో కాస్త మనసుపెట్టి చూసుకునేది. "మీ అబ్బాయి ఇంకా రాలేదా అమ్మా?" అని ఆ పిల్ల అడిగినప్పుడల్లా వదిన మళ్ళీ తలుపుకేసి చూసేది. నాలుగు రోజులయ్యాక నా చెయ్యి పట్టుకుంది.

"వాడు నమ్మలేదు వదినా. వాడే అడిగాడు కదా అప్పుడు. అప్పుడు ఏయించక, ఇప్పుడు దొంగ టెలిగ్రాం ఏయించాననుకుంటన్నాడు. వాడికి ఇప్పుడు రావాలని లేదు కాబోలు." మొగుడికేసి చూసి అంది. "ఇంకోటి ఏయించండి. ఇది నిజం అని రాయించండి. అమ్మ ఒట్టు, నిజం అని రాయించండి."

ఆయన మళ్ళీ చొక్కా తొడుక్కున్నాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చి ఏశానన్నాడు. ఆ రెండో మారు వెళ్ళి రావడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొదటిసారి భయపడ్డాడని సరిపెట్టుకోవచ్చు. రెండోసారి ఆవిడ మాటలు వరసగా విని, తలాడించి, చెప్పులేసుకుని, ఎండలో నడిచి వెళ్ళి, ఊరికే తిరిగొచ్చాడు.

వదిన మూడోది వేయించమనలేదు. పోయేముందు స్పృహ ఉండగా నాతో ఒక్క మాటంది. ఆ మాట తర్వాత చెబుతాను.

ఖారూన్ నది ఒడ్డున వదిన చితికి ఆయనే నిప్పు పెట్టాడు. గుండు చేయించుకున్నాడు, కర్మ పద్ధతి ప్రకారం జరిపించాడు. కొడుకేడీ అని అడిగినవాళ్ళందరికీ, "కబురెట్టాను. రాలేదు. ఏటి సేత్తాం" అన్నాడు. అంతే. సెలవివ్వలేదనైనా అనలేదు. కాలనీలో వాణ్ణి తిట్టని నోరు లేదు. ఎత్తుకుని ఆడించినవాళ్ళే దుమ్మెత్తిపోశారు. పన్నెండోరోజు భోజనాల దగ్గర నేనే అన్నాను, అలాంటి కొడుకు పుట్టకపోయినా వదినకి ఈ చావే వచ్చుండేది, కనీసం ఎదురుచూపులు తప్పేవి అని. కొండలరావు విన్నాడు. విస్తట్లోకి చూసుకుంటూ పప్పన్నం కలుపుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు కూడా గడవకుండా సూట్‌కేసు సర్దుకుని పరేడ్‌కి వెళ్ళాడు. కొడుకు కనిపించగానే తల్లి కోసం వెనక్కి చూశాడట. కామెర్లు, డాక్టరు ప్రయాణం వద్దన్నాడని చెప్పాడు. మరి ఈ గుండేమిటి నాన్నా అంటే, తిరుపతి మొక్కు, నువ్వు నెగ్గాలని తలనీలాలిచ్చానన్నాడు. వాడు అందరిముందూ వంగి తండ్రి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. తోటి కుర్రాళ్ళ తండ్రులు కొండలరావుకి చెయ్యి కలిపారు. రెండు చుక్కలూ ఆయనే పెట్టాడు. ఏటిసూతకంలో ఉన్న మనిషి అక్కడి మిఠాయి తిన్నాడు.

పరేడ్ అయిపోయాక చెప్పొచ్చు కదా. చుక్కలు భుజానికెక్కాయి, వాడింక పారిపోయేదేం లేదు. చెప్పలేదు. రైల్లో రెండు రోజులు వాడి ఎదురుగా కూర్చుని కూడా నోరు పెగల్లేదు. కంకర మీద కొడుకుని పాకించినవాళ్ళు రాక్షసులైతే, ఈయన ఏమిటి మరి? దారిలో ఏదో స్టేషనులో వాడు దిగి గ్లూకోజు డబ్బా కొన్నాడు, కామెర్లవాళ్ళకి మంచిదని. కొండలరావు దాన్ని సంచిలో భద్రంగా పెట్టాడు.

రిక్షా మా వీధిలోకి తిరిగేసరికి ఆడవాళ్ళమంతా కుళాయి దగ్గర ఉన్నాం. వాడు యూనిఫాంలో ఉన్నాడు, తండ్రే వేసుకోమన్నాడట. ఎవరూ పలకరించలేదు. తల్లి చస్తే రాని ముండాకొడుకు టోపీ పెట్టుకుని రిక్షా దిగాడని నాకు తల తిరిగిపోయింది. వాడు డబ్బా చేత్తో పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు.

"బాగున్నావా అత్తా? అమ్మకి తగ్గిందా?"

"తగ్గిందిరా నాయినా" అన్నాను. "పూర్తిగా తగ్గిపోయింది. నెలయింది. నదికాడ బూడిద కూడా మిగల్లేదు. రెండేసి టెలిగ్రాంలు కొట్టిస్తే రానివాడివి, ఇప్పుడెవరికి తెచ్చావురా ఆ డబ్బా?"

 ముందు నా మాట అర్థం కానట్టు చూశాడు. తర్వాత, "ఏ టెలిగ్రాం అత్తా?" అన్నాడు.

ఆ అడగడంలోనే నాకు తెలిసిపోయింది. బిందె కింద పెట్టి కొండలరావుకేసి తిరిగాను. ఆయన రిక్షా వెనక ట్రంకుపెట్టె తాడు విప్పుతున్నాడు. విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పుతున్నాడు. కొడుకు ఆయన తలకేసి చూశాడు.

"నువ్వు తిరుపతి ఎల్లలేదు" అన్నాడు.

కొండలరావు అప్పుడు నోరు విప్పాడు. టెలిగ్రాం ఆఫీసు, వరస, టీ, అన్నీ అప్పుడే చెప్పాడు. చెప్పేటప్పుడు కూడా తప్పు చేసినవాడిలా లేడు. లెక్క ఒప్పజెప్పేవాడిలా ఉన్నాడు. "అక్కడ నువ్వు పడ్డదంతా నాకు తెలుసురా. మీ అమ్మ సెప్పింది. వస్తే నువ్వు మళ్ళీ పోవు. నాను పోలేదు కదా. గుమ్మం దాటి లోపలికొచ్చాక మళ్ళీ ఆ నరకానికి ఎవడూ పోడు. నెల్లాళ్ళలో పరేడు. మీ అమ్మ ఎలాగా బతకదన్నారు. నువ్వొచ్చినా బతకదు. ఒకటి పోతే పోయింది, రెండోదేనా దక్కాలనుకున్నాను."

ఆ మాటకి నా చేతికి ఏది దొరికితే అది విసిరేదాన్ని. వాడు మాత్రం చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"నాను వచ్చి వెళ్ళిపోదును నాన్నా" అన్నాడు. "జనవరంతా ఎదురుచూశాను. టెలిగ్రాం రాలేదు. అమ్మ మాటిచ్చి తప్పదు. వేయించలేదంటే నన్ను ఉండమంటందని అనుకున్నాను. అమ్మే ఉండమన్నాక ఇంక ఉండిపోదామని ఆ రోజే తేల్చేసుకున్నాను. తర్వాత నన్నెవరూ తొయ్యలేదు, నానే దూకాను. మేలో నువ్వు టెలిగ్రాం వేసుంటే వచ్చి, అమ్మని చూసుకుని, కొరివి పెట్టి, తిరిగి ఎల్లిపోదును."

కొండలరావు చేతిలోంచి తాడు జారిపోయింది. కొడుకు పారిపోతాడనే కదా ఇంత చేశాడు. వాడికి పారిపోయే ఉద్దేశమే లేదు, అదీ ఆ తల్లిని నమ్మే. ఆయన రిక్షా చక్రం పట్టుకుని నిలబడ్డాడు. మొహం గోడకి కొట్టిన సున్నంలా ఉంది.

రాజు నా వైపు తిరిగాడు. "ఆఖర్న ఏమంది అత్తా?"

కొండలరావు తలెత్తి నాకేసి చూశాడు. వద్దని ఆ చూపు. దణ్ణం పెడుతున్నట్టు చెయ్యి కూడా కాస్త లేచింది. పక్కనున్న ఆడవాళ్ళు నా కొంగు లాగారు. ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టు, ఆశీర్వదించి పోయిందని చెప్పు అన్నట్టు. మంచి నోళ్ళు కదా వాళ్ళవి.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "మా రాజుకి నాను సత్తానన్నా నమ్మకం కలగలేదు వదినా, అన్నది. అదే ఆఖరి మాట. తర్వాత మాట్లాడలేదు."

వాడు ఏడవలేదు. "అయితే నాను తెలిసీ రాలేదనుకునే పోయింది" అన్నాడు.

అవునన్నాను. ఇంకేమనను? అబద్ధం చెప్పడానికి ఆ ఇంట్లో ఒకడు చాలు.